లంఖణం కుందేలుకు మందు కాదు

కడుపులో బాగాలేదంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘లంఖణం పరమౌషధం’. మనిషికి అజీర్తి చేసినా, దూడకు కడుపుబ్బినా ఒక పూట నోరు కట్టేయడం పెద్దలకు తెలిసిన తొలి వైద్యం. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న కుందేలు పొద్దున్నుంచి మూతి ముట్టకపోతే అవ్వ చెప్పేదీ అదే: “ఏం గాదులే నాయనా, ఒగ పూట కడుపు మాడ్చు, అదే సర్దుకుంటాది.”

ఆ మాటలో ప్రేమ ఉంది, అనుభవమూ ఉంది. కాకపోతే ఆ అనుభవం ఆవులది, మేకలది, మనుషులది. కుందేలుకు అది వర్తించదు. కుందేలు 10, 12 గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా మూల కూర్చుందంటే దాని ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క. రాత్రి అన్నాలప్పుడు మేత వద్దన్న కుందేలును “పొద్దున చూద్దాంలే” అని వదిలేస్తే ఆ పొద్దుటికి అది బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంటి కుందేళ్ల చావుల్లో చాలావాటిని మనం దిష్టి మీదికో, ఎండ మీదికో, ‘అవి అంతే, ఎక్కువ రోజులు బతకవు’ అన్న మాట మీదికో నెట్టేస్తుంటాం. సరిగ్గా సాకిన కుందేలు 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. నెల తిరక్కుండా పోయిందంటే దాని కడుపు సంగతి మనకు తెలియలేదని అర్థం.

ఆ కడుపు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి తెలిస్తే మిగిలినదంతా చెప్పకుండానే బోధపడుతుంది.

ఇంట్లో పెంచుకునే కుందేలు మన నల్లమల చెవులపిల్లికి దగ్గరి చుట్టమే గానీ అదే జంతువు కాదు. చెవులపిల్లి మన అడవి జీవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం, తినడం అన్నీ నేరాలే. పంజరాల్లో అమ్మే తెల్ల కుందేళ్ల పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు పొడి నేలల్లో బతికినవి. అక్కడ దొరికేది ముదురు గడ్డి, ఎండు ఆకు, బెరడు. అంత నిస్సారమైన మేత మీద, గద్దలకూ నక్కలకూ దొరక్కుండా పరిగెత్తుతూ బతకాలి. ఆవులా తీరిగ్గా పడుకుని నెమరేసే వీలు దానికి లేదు.

అందుకే దాని పేగుల్లో ఒక ఏర్పాటు ఉంది. నమిలి మింగిన గడ్డి పెద్దపేగు మొదటి భాగానికి చేరేసరికి అక్కడ జల్లెడ పట్టినట్టు రెండుగా విడిపోతుంది. సుమారు అర మిల్లీమీటరు కంటే పెద్దగా ఉన్న నార ముక్కలు ముందుకు సాగి గుండ్రటి గట్టి పెంటికలుగా బయటపడతాయి. సన్నటి పొడి, రసం వెనక్కి మళ్లి అంధనాళం అనే పెద్ద సంచిలోకి పోతాయి. ఈ సంచి కుందేలు కడుపు కుహరంలో అన్నిటికంటే పెద్ద భాగం, జీర్ణాశయానికి దాదాపు పది రెట్లు. అందులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఆ పొడిని పులియబెట్టి బి విటమిన్లు, మాంసకృత్తులు తయారుచేస్తాయి. అలా తయారైన మెత్తని, నల్లగా మెరిసే, జిగురు పూతతో గుత్తిగా అంటుకుని ఉండే పెంటికలను కుందేలు తన మూతిని అక్కడికే వంచి నేరుగా తినేస్తుంది. రాత్రి ముగిసే వేళో, పగలు విశ్రాంతిగా ఉన్నప్పుడో ఈ పని చేస్తుంది కనుక చాలామంది కంట పడదు. పడినవాళ్లు “ఛీ” అని తరిమేస్తారు. తరమకూడదు. అది దాని రెండో భోజనం. అందులోంచే దానికి కావలసిన పోషకాలు అందుతాయి.

ఈ యంత్రాన్ని నడిపించేది నార. పొడవాటి నార పేగుల గోడలను తాకుతూ పోతుంటేనే పేగులు కదులుతాయి. నార తగ్గిందా, కదలిక మందగిస్తుంది. లోపలి నీరంతా గోడలు పీల్చుకుని, మేత గట్టిపడి ముద్దవుతుంది. అంధనాళంలో మంచి సూక్ష్మజీవులు తగ్గి, గాలి పుట్టించేవి, విషం చిమ్మేవి పెరుగుతాయి. గాలికి పేగులు సాగి నొప్పి పుడుతుంది. నొప్పికి తిండి మానేస్తుంది. తిండి మానేసరికి పేగులు మరింత నిలిచిపోతాయి. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, లావుపాటి కుందేళ్లలో ఇది మరీ వేగంగా జరుగుతుంది. పైగా కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది అటు నుంచి బయటకు రావలసిందే. పశువైద్యులు దీన్ని ‘గట్ స్టాసిస్’ అంటారు, మన మాటల్లో చెప్పుకోవాలంటే పేగులు నిలిచిపోవడం. ఈ గొలుసులో లంఖణం ఎక్కడ చేరినా ప్రమాదాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. కుందేలుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, మనిషికీ కుక్కకూ చేసినట్టు ముందురోజు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచకపోవడానికి కారణం ఇదే.

శనగల సీమలో శనగలే శత్రువు

నంద్యాల అంటే నల్లరేగడి, నల్లరేగడి అంటే శనగ. ఇళ్లలో బస్తాల్లో శనగలుంటాయి. జిమ్‌కు పోయే కుర్రవాళ్లు నానబెట్టుకుంటారు, మిగిలినవి గుప్పెడు కుందేలు ముందు పోస్తారు. “బలం కదా” అంటారు. గుర్రానికి గుగ్గిళ్లు పెట్టిన ఆలోచనే ఇదీ. కుందేలు కూడా ఆబగా తింటుంది. అది తింటోంది కాబట్టి దానికి మంచిదే అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతోంది. గింజల్లోని పిండిపదార్థం పైన పూర్తిగా అరగకుండా అంధనాళం దాకా పోతే అక్కడ చెడ్డ సూక్ష్మజీవులకు పండగ. ముఖ్యంగా తల్లిపాలు మానిన కొత్తలో ఉన్న కూనల్లో క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవి విజృంభించి, విషం చిమ్మి, నీళ్ల విరేచనాలతో ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

శనగలొక్కటే కాదు. మొక్కజొన్న గింజలు, గోధుమలు, అన్నం, చపాతీ ముక్క, టీలో ముంచిన బిస్కెట్, రొట్టె, అరటిపండు, చక్కెర వేసిన పాలు అన్నీ ఈ కోవలోవే. మహానంది దారిలో అరటితోటలు ఉన్నాయి కదా అని రోజుకో పండు పెట్టకూడదు. గోరంత ముక్క, వారానికి ఒకసారో రెండుసార్లో చాలు.

క్యారెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. కుందేలంటే క్యారెట్ అన్న బొమ్మ మన బుర్రల్లో పడింది పొలాల నుంచి కాదు, సినిమాల నుంచి. 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీ కార్టూన్ కుందేలు క్యారెట్ నములుతూ మాట్లాడుతుంది. ఆ భంగిమకు మూలం 1934 నాటి ఒక హాలీవుడ్ చిత్రంలో నటుడు క్లార్క్ గేబుల్ క్యారెట్ కొరుకుతూ గడగడా మాట్లాడిన సన్నివేశం. నటుడిని చూసి బొమ్మ గీస్తే, బొమ్మను చూసి ప్రపంచమంతా తీపి దుంపను కుందేలుకు అసలు మేతగా చేసేసింది. నిజానికి క్యారెట్ దుంప కంటే దాని పైనుండే ఆకు కుందేలుకు మేలు. కూరగాయల బండి దగ్గర కోసి పారేసే ఆ ఆకు అడిగితే ఊరికే ఇస్తారు.

మరో చిక్కు కూడా ఉంది. మన దగ్గర కుందేళ్ల గురించి దొరికే సమాచారం చాలావరకు మాంసం కోసం పెంచే ఫారాలది. తమిళనాడులో కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరు కేంద్రంలోనూ, ఊటీ దగ్గరి శాండీనల్లా పరిశోధన కేంద్రంలోనూ వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా, న్యూజిలాండ్ వైట్ వంటి జాతుల మీద పని జరిగింది. దక్షిణాదిన పెంపకందారులకు ఆ జాతులు పరిచయం కావడంలో ఆ కేంద్రాల పాత్ర పెద్దది. అయితే ఫారం లెక్క వేరు. మూడు నాలుగు నెలల్లో బరువు రావాలి, కాబట్టి దాణా ఎక్కువ. ఆ దాణా లెక్కను తెచ్చి పదేళ్లు బతకాల్సిన పెంపుడు కుందేలుకు వర్తింపజేస్తే అది లావెక్కి, పళ్లు పెరిగి, పేగులు నిలిచి మధ్యలోనే పోతుంది.

గడ్డి ఊరంతా ఉంది

పెంపుడు కుందేలు రోజూ తినే దానిలో నూటికి 80 పాళ్లకు పైగా గడ్డే ఉండాలి. విదేశాల్లో ఇందుకు టిమోతీ గడ్డి వాడతారు. అది చలి దేశాల పంట. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ప్యాకెట్ ధర చూసి గుండె గుభేలుమంటుంది. “అంత పెట్టి కొనలేం” అని గడ్డే మానేసి దాణా మీద పెట్టేస్తున్నారు చాలామంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. కేసీ కాలువ గట్లు, చెరువు కట్టలు, మామిడితోటల అడుగులు అన్నీ గరికతో నిండిన జిల్లా ఇది. చవితినాడు వినాయకుడికి పెట్టే ఆ గరికే కుందేలుకు అమృతం.

గరిక కోసేటప్పుడు చోటు చూసుకోవాలి. మురుగు కాలువ పక్కన, కుక్కలు తిరిగే వీధి చివర, పత్తి, మిరప చేల గట్ల మీద కోయకూడదు. చేలో కొట్టిన పురుగుమందు గాలికి గట్టు మీద పడుతుంది. కలుపు మందు కొట్టిన గట్టు రెండు మూడు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. రైతును అడిగి కోసుకోవడం ఒక్కటే మార్గం. కొడవలితో కోసిన గరికను కడిగి, నీడలో, గాలి ఆడే చోట పలచగా పరచాలి. మన ఎండలకు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. పిడికెడు తీసి మెలితిప్పితే పుటుక్కున విరగాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి గడ్డి వాసన రావాలి. చెమ్మ వాసన వచ్చినా, లోపల తెల్లటి బూజు కనిపించినా, కుప్పలో చేయి పెడితే వేడిగా తగిలినా ఆ గడ్డి పారేయండి. బూజు గడ్డి పెట్టడం కంటే బయట కొన్నది పెట్టడం మేలు. ఆరిన గడ్డిని గోనెసంచిలో, నేలకు తగలకుండా బల్ల మీద ఉంచితే వానాకాలంలోనూ నిలుస్తుంది.

గరికతోపాటు పాడి రైతులు వేసుకునే గినీ గడ్డి, నేపియర్ గడ్డి కొంత కలపొచ్చు. కొర్ర గడ్డి కూడా కొద్దిగా కలిపితే నమలడానికి బాగుంటుంది. ‘సూర్యనంది’ అని నవనందుల్లో ఒక నంది పేరు పెట్టుకున్న కొర్ర రకం పుట్టింది నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలోనే కనుక, ఆ గడ్డి ఈ చుట్టుపక్కల పల్లెల్లో కొత్తది కాదు. ఎండిన జొన్నచొప్ప ఆకులు పర్వాలేదు. లేత పచ్చి జొన్న మాత్రం ముట్టించొద్దు. వానల్లేక వాడిన పైరు, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు మేసి గొడ్లకు ‘నాము’ తగలడం మన రైతులకు తెలిసిందే. ఆ మొక్కలోంచి సైనైడ్ విషం పుడుతుంది. గొడ్డును పడగొట్టే విషం రెండు కిలోల కుందేలును వదులుతుందా? వరిగడ్డి నార కోసం పనికొస్తుంది, సారం తక్కువ. అదొక్కటే పెట్టి ఊరుకోకూడదు.

లెక్క తేలిక. కుందేలు ఎంత ఉందో అంత గడ్డి కుప్ప రోజూ దాని ముందుండాలి, రాత్రీ పగలూ ఖాళీ కాకూడదు. దానికి తోడు పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు ఆకులు: కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మునగాకులో సున్నం ఎక్కువ కనుక అదీ మితంగానే. కుందేలు ఒళ్లు మేతలోని సున్నాన్ని వచ్చినంతా పీల్చుకుని మిగిలినదాన్ని మూత్రంలో పంపేస్తుంది. అతిగా అయితే మూత్రం సున్నపు ముద్దలా చిక్కబడి రాళ్లకు దారితీస్తుంది. ఆరు నెలలు దాటిన కుందేలుకు లూసర్న్ మేత రోజూ పెట్టొద్దనేదీ ఇందుకే. క్యాబేజీ, కాలీఫ్లవర్ కొన్నిటికి గాలి పుట్టిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్ ఏనాడూ పెట్టకూడనివి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, వయ్యారిభామ, లంటానా పెరట్లో ఉంటే కుందేలును అటు వదలొద్దు. మేకలకు వేసే సుబాబుల్ ఆకు కుందేలుకు వేస్తే అందులోని మైమోసిన్ వల్ల బొచ్చు ఊడిపోతుంది.

దుకాణంలో దొరికే గుళికల దాణా పూర్తిగా మానక్కర్లేదు. గడ్డి పుష్కలంగా తినే రెండు కిలోల కుందేలుకు రోజుకు రెండు టేబుల్‌స్పూన్లు సరిపోతాయి. రంగురంగుల గింజలు కలిపిన దాణా మాత్రం కొనకండి. కుందేలు రుచిగా ఉన్న గింజలను ఏరుకుని తిని, నార ఉన్న గుళికలను వదిలేస్తుంది. ఏ మేత మార్చినా వారం, పది రోజులు పట్టాలి. పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ పోవాలి. కొత్త ఆకు ఒక్కోసారి ఒక్కటే పెట్టి, మరునాడు పెంటికలు చూశాకే కొనసాగించాలి.

గడ్డి పళ్లకూ అవసరమే. కుందేలు నోట్లోని 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. దాణా మీదే బతికే కుందేలుకు దవడ పళ్ల అంచులు మొనదేలి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. మేత దగ్గరికి ఆశగా వచ్చి, నోట పెట్టుకుని, వదిలేస్తే, గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉంటే కడుపు మందు వెతకక్కర్లేదు, పళ్లు చూపించాలి.

పెంటికలు చెప్పే కబురు

రోజూ పొద్దున పంజరం శుభ్రం చేసేటప్పుడు నాలుగు పెంటికలు అరచేతిలోకి తీసుకుని చూడటం కుందేలు పెంచేవాళ్లు అలవాటు చేసుకోవాల్సిన పని. అసహ్యపడాల్సిందేమీ లేదు. ఆరోగ్యమైన పెంటిక గుండ్రంగా, గట్టి శనగంత, గోధుమ వన్నెలో, వాసన లేకుండా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా విడిపోయి లోపల గడ్డి నార కనిపిస్తుంది. రోజుకు వందకు పైగానే వేస్తుంది. అవి చిన్నవై, నల్లబడి, వంకరటింకరగా వస్తుంటే పేగులు మందగిస్తున్నాయని ఒకటి రెండు రోజుల ముందే తెలిసినట్టు. బొచ్చుతో దండగా గుచ్చుకుని వస్తే అది బొచ్చు రాల్చే కాలం, దువ్వెన పట్టి, గడ్డి, నీళ్లు పెంచాలి. కడుపులో బొచ్చు ఉండటం జబ్బు కాదు, నీరు తగ్గి అది గడ్డకట్టడమే జబ్బు. అనాసరసం తాగిస్తే బొచ్చు కరుగుతుందన్న ప్రచారంలో నిజం లేదు, ఆ రసంలోని తీపి కీడు కూడా చేస్తుంది.

గట్టి పెంటికలు మామూలుగానే ఉండి, వాటితోపాటు మెత్తటి ముద్దలు వెనక భాగానికి అంటుకుంటున్నాయంటే అవి విరేచనాలు కావు. అది తినకుండా వదిలేసిన రెండో భోజనం. దాణా, తీపి ఎక్కువైనా, లావెక్కి మూతి అక్కడికి అందకపోయినా ఇలా అవుతుంది. దాణా తగ్గించి గడ్డి పెంచితే కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ఈలోగా ఆ భాగాన్ని గోరువెచ్చటి నీటితో తుడిచి పొడిగా ఉంచాలి. లేకపోతే ఈగలు వాలి గుడ్లు పెట్టి పురుగులు పడతాయి, ఎండాకాలంలో అందుకు ఒక్క పూట చాలు.

నీళ్లలా పారితే మాత్రం అది వేరే మాట. కూనల్లో అయితే ఆ గంటే ఆస్పత్రికి పోవాలి. కాక్సీడియా అనే పరాన్నజీవి కూడా చిన్నవాటి పేగులనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. తడిసిన గోనె, వానాకాలపు పేడ, ఇరుకు పంజరం దానికి అనువైన చోట్లు. పెంటికల పరీక్షలో అది బయటపడుతుంది, మందులున్నాయి.

మూత్రం ఎర్రగా కనిపిస్తే మాత్రం వెంటనే బెంబేలెత్తొద్దు. కొన్ని మేతల రంగు అలా దిగుతుంది. రక్తమా కాదా అన్నది చిన్న పరీక్షతో డాక్టరు తేలుస్తారు.

ఎండలు, టపాసులు, పెళ్లి డప్పులు

కుందేలుకు హాయిగా ఉండే వేడి 15 నుంచి 22 డిగ్రీలు. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల 42, 43 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. దానికి చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల గుండానే ఎక్కువగా వదులుతుంది. వేడికి మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పేగులు నిలుస్తాయి. కాబట్టి ఎండాకాలంలో రేకుల కింద, మేడ మీద పంజరం పెట్టకూడదు. ఇంట్లో చల్లటి మూల ఉంచి, చుట్టూ తడి గోనెపట్టా కట్టాలి, గాలి రావాలి. మన జిల్లాలోనే బేతంచెర్లలో తీసే నాపరాయి పలక ఒకటి పంజరంలో ఓ మూల పరిస్తే దాని మీద బోర్లా పడుకుని సేద తీరుతుంది. మిగతా నేల మీద గడ్డి ఉండాలి, లేకపోతే పాదాలు పుండ్లు పడతాయి. ఎండ చల్లబడ్డాక, రాత్రిపూట మేత ఎక్కువగా పెట్టండి. నీళ్లు గొట్టపు సీసాలో కాకుండా బరువైన మట్టి మూకుడులో పోస్తే ఎక్కువ తాగుతుంది. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగడం మామూలు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

భయం కూడా పేగులను ఆపుతుంది. దీపావళి టపాసులు, ఊరేగింపు డప్పులు, కిటికీలోంచి మొరిగే కుక్క, చెవులు పట్టి ఎత్తే చుట్టాల పిల్లలు, ఇవన్నీ దాని కడుపు మీదికే పోతాయి. వేటకు గురయ్యే జంతువు కనుక నొప్పిని బయటపెట్టదు. మూల ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా కొరుకుతూ, మాటిమాటికి పొట్టను నేలకు అదుముకుంటుంటే అదే దాని ఏడుపు.

ఆ స్థితిలో ఏం చేయాలి? ముందు గడియారం చూసి చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు పెంటికలు వేసిందో రాసుకోండి. డాక్టరుకు ఫోన్ చేయండి. ఈలోగా కొత్తిమీర, పుదీనా వంటి ఘాటు వాసన ఆకులు మూతి దగ్గర పెట్టండి. గదిలో నాలుగడుగులు వేయనివ్వండి. చెవులు చల్లబడి ఉంటే గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెచ్చబరచండి. దాని ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, 38 కన్నా దిగితే పరిస్థితి విషమం. వడదెబ్బ అయితే చెవులను తడిగుడ్డతో తుడవండి, ఐసు నీళ్లలో ముంచొద్దు. పొట్ట బిర్రుగా ఉబ్బి, తాకితే గట్టిగా ఉంటే నోట్లో ఏదీ పోయకండి, పేగులో అడ్డు పడి ఉండొచ్చు. పొట్ట మెత్తగా ఉండి డాక్టరు సరేనంటే, నానబెట్టి మెదిపిన గుళికల జావను సూది తీసేసిన సిరంజితో పెదవి పక్క నుంచి చుక్క చుక్కగా, మింగాక మళ్లీ, ఇవ్వొచ్చు.

సోడా, ఆముదం, వాము నీళ్లు, మన తలనొప్పి మాత్రలు ఇవ్వొద్దు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల దగ్గుకు తెచ్చి మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ పోయొద్దు. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు నశించి అది చచ్చిపోతుంది. “ఈ మందు కుందేలుకు నోటి ద్వారా ఇవ్వొచ్చా సార్?” అని ఒక్క మాట అడగడానికి మొహమాటపడొద్దు. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేలుకు విషమే.

మన పశువుల ఆస్పత్రుల్లో రోజూ చూసేది గేదెలు, గొర్రెలు, కోళ్లు. కుందేలుతో వచ్చేవాళ్లు అరుదు. కాబట్టి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వయసు, బరువు, పెట్టిన మేత, రాసుకున్న వేళలు, కవరులో నాలుగు పెంటికలు తీసుకెళ్తే వైద్యుడి పని సులువవుతుంది. నొప్పి తగ్గించే మందు, ఒంటికి నీళ్లు ఎక్కించడం, పేగులు కదిలించే చికిత్స, ఇవి తొందరగా అందితే చాలావరకు లేచి కూర్చుంటాయి. ఆళ్లగడ్డవాళ్లకు చాగలమర్రి, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది, పెద్ద కేసులకు తిరుపతి పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య సేవ 1962 నంబరు ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం పెట్టింది. కుందేలు కేసని ముందే చెప్పి సలహా అడగండి. ఏ డాక్టరు కుందేళ్లను చూస్తారో అవసరం రాకముందే తెలుసుకుని ఆ నంబరు రాసి పెట్టుకోవాలి.

అమ్మేవాళ్లతో కూడా ఒక మాట. సంతల్లోనూ చేపల తొట్లు అమ్మే దుకాణాల్లోనూ అట్టపెట్టెల్లో కనిపించే కూనలు చాలావరకు నెల రోజులవి. అరచేతిలో పట్టే కుందేలు త్వరగా అమ్ముడుపోతుంది, నిజమే. తల్లిపాలు మాని, గడ్డి అరిగించుకునే సూక్ష్మజీవులు కడుపులో స్థిరపడాలంటే దానికి ఎనిమిది వారాలు నిండాలి. తల్లి పెంటికలను కొరికి ఆ సూక్ష్మజీవులను తెచ్చుకునే వయసులో దాన్ని విడదీసి, బస్సులో ఊరు మార్చి, మేత మార్చి, బిస్కెట్ పెడితే నీళ్ల విరేచనాలు రాక మానవు. ఎనిమిది వారాలు నిండనిదే అమ్మకండి. అమ్మిన ప్రతి కుందేలుతో మీరు పెడుతున్న మేత వారానికి సరిపడా, ఒక కట్ట గడ్డి ఇచ్చి పంపండి. కొనేవాళ్లు ఆ రెండూ అడిగి తీసుకోండి. ఇవ్వని చోట కొనకండి.

ఇప్పటికే ఇంట్లో కుందేలు ఉన్నవాళ్లు ఈ వ్యాసం పక్కన పెట్టి, పంజరంలో గడ్డి ఉందో లేదో ఒకసారి చూసి రండి.